పెళ్లి ముసుగు చిన్నదైన రోజు

ఈ మధ్య ఇద్దరు అమ్మాయిలు మా ఇంటికి వచ్చారు. నవలలు రాద్దామనుకుంటున్నారట. "మేడమ్, ఒక్క హత్య కూడా లేకుండా అన్ని డిటెక్టివ్ నవలలు ఎలా రాశారు?" అని అడిగారు. కాఫీ ఇచ్చి, ఏదో చెప్పి పంపించాను. వాళ్ళు గేటు దాటాక నాకే అనిపించింది, అసలు సంగతి చెప్పలేదని. అందుకే ఇది రాస్తున్నాను. నాకు ఏ సభలో ఎవరు శాలువా కప్పారో ఇందులో ఉండదు. శాలువాలు బీరువాలో ఉన్నాయి, కావలసినవాళ్ళు వచ్చి చూసుకోవచ్చు.

మాణిక్యమ్మ ఎలా పుట్టింది

మాది నరసాపురం పక్క పల్లె. మా వైపు ఆడవాళ్ళు వంట ముగించుకుని అరుగు మీదికి చేరితే చేతిలో లేసు ఉండాల్సిందే. ఈ పనిలో బయటివాళ్ళకి తెలియని సంగతి ఒకటుంది. లేసు గుడ్డ మొత్తం ఒకే మనిషి అల్లదు. ఒకరు పువ్వులు అల్లుతారు, ఇంకొకరు ఆకులు అల్లుతారు. ఆ ముక్కలన్నీ ఒకచోటికి తెచ్చి, ఒకదానితో ఒకటి కలిపి గుడ్డగా చేసేవాళ్ళు వేరే ఉంటారు. దాన్ని అతుకుపని అంటారు. మా అమ్మది అతుకుపని. పువ్వు చేతిలోకి తీసుకోగానే, "ఇది పెద్దింటి కాంతం చెయ్యి, దారం పీక నులిమినట్టు లాగుతుంది" అనేది. నాకు మాత్రం ఆ పని అబ్బలేదు. అమ్మ నేర్పుతుంటే నేను ఒళ్ళో నవల దాచుకుని చదివేదాన్ని. వీపు మీద రెండు పడేవి. అయినా చూపు అబ్బింది, చెయ్యే అబ్బలేదు.

పెళ్లై హైదరాబాదు వచ్చాను. మా ఆయన సినిమాల్లో సౌండు పని చేసేవారు. మద్రాసు నుంచి పరిశ్రమ కొంచెం కొంచెంగా ఇక్కడికి వస్తున్న రోజులు. ఫిల్మ్ నగర్‌లో ఒక చిన్న వాటా అద్దెకు తీసుకున్నాం. ఇప్పుడు అక్కడ కారు ఆపడానికి చోటు లేదు గానీ, అప్పుడు మా కిటికీలోంచి చూస్తే రాళ్ళు, సీతాఫలం పొదలు, వాటి మధ్య ఎవరో మొదలుపెట్టి వదిలేసిన పునాదులు కనిపించేవి. జూబ్లీహిల్స్ అంటే ఆటోవాడు మొహం తిప్పేసేవాడు. "గా గుట్టల మీదికి నేను రాను తల్లీ, వాపస్ సవారీ దొరకది" అని వెళ్లిపోయేవాడు. మధ్యాహ్నం రెండింటికి అక్కడ ఎంత నిశ్శబ్దంగా ఉండేదో చెబితే ఎవరూ నమ్మరు. ఆ నిశ్శబ్దంలోనే నేను రాయడం మొదలుపెట్టాను. ఇప్పటికీ ఆ మధ్యాహ్నాలు తలుచుకుంటే ప్రాణం లేచి వస్తుంది.

నా డిటెక్టివ్ పేరు మాణిక్యమ్మ. యాభై దాటిన వితంతువు, గోదావరి పక్క ఊళ్ళో అతుకుపని చేస్తుంది. ఊళ్ళో గొలుసు పోయినా, పెళ్లిచీర మాయమైనా, దేవుడి గుడ్డ మారిపోయినా మాణిక్యమ్మ కళ్ళజోడు సవరించుకుని కుట్టు చూస్తుంది. ఎవరి చెయ్యో పట్టేస్తుంది. అంతే కథ. అందులో హత్య లేదు, తుపాకీ లేదు.

హత్య వద్దన్నది నేను కాదు, మా వారపత్రిక ఎడిటర్ గారు. మహా కోపిష్టి. మొదటి సీరియల్ మొదటి భాగంలో నేనొక శవాన్ని పెట్టాను. కాగితాలు బల్ల మీద పడేసి, "ఏమ్మా, మన పాఠకురాలు భోజనం చేసి, తమలపాకు నోట్లో పెట్టుకుని ఈ పత్రిక పట్టుకుంటుంది. ఆవిడ ఒళ్ళో పీనుగును పడుకోబెడతావా?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఇంటికొచ్చి శవాన్ని తీసేసి వెండి కుంకుమభరిణె పోయినట్టు రాశాను. ఆ సీరియల్‌కు వచ్చినన్ని ఉత్తరాలు నాకు మళ్ళీ రాలేదు. శవం ఎవరిదైతే మనకేం? ఇంట్లో భరిణె పోతే మాత్రం, పనిమనిషి దగ్గర్నుంచి ఆడపడుచు దాకా అందరి మొహాలూ మారిపోతాయి. ఈ సంగతి నాకు ఆ కోపిష్టి మనిషే నేర్పారు.

పాఠకులూ తక్కువవాళ్ళు కారు. పాలకొల్లు నుంచి ఒకావిడ కార్డు రాసింది. "మీ మాణిక్యమ్మ ఒక్క సాయంత్రంలో బల్ల మీద పరిచే మేజా గుడ్డ మొత్తం అతికేసింది. అంత చురుకైన మనిషైతే ఓసారి మా ఇంటికి పంపండి, మాకు ఆర్డర్లు పేరుకుపోయాయి" అని. సిగ్గుతో చచ్చాను. కొత్తగా రాసేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. నేరం ఎంత వింతగా ఉన్నా జనం ఒప్పుకుంటారు, పని తప్పు రాస్తే ఒప్పుకోరు.

డిస్కషన్లు

ఎనభైల చివర్లో మాణిక్యమ్మ కథ ఒకటి సినిమావాళ్ళ కంట్లో పడింది. ఆ కథలో ఒక పెళ్లికూతురి కోసం లేసు ముసుగు అల్లిస్తారు. నేల దాకా జీరాడే తెల్లటి మేలిముసుగు. దాన్ని పెట్టెలోంచి ఎవరో కాజేసి, దాని స్థానంలో నాసిరకంది పెడతారు. అతికిన పిల్ల మీద అనుమానం వస్తుంది. మాణిక్యమ్మ కుట్టు చూసి అసలు దొంగను పట్టుకుంటుంది.

నిర్మాత భాస్కర్రావు గారు జూబ్లీహిల్స్‌లో గెస్ట్‌హౌస్ తీసుకుని కథాచర్చలు పెట్టారు. మర్యాదస్థుడే. పెసరట్లు తెప్పించేవారు, కారు పంపేవారు. కానీ మొదటి రోజే, "డిటెక్టివ్ ముసలావిడ ఎందుకండీ సుభద్ర గారూ? హీరోయిన్నే చేసేద్దాం" అన్నారు. రెండో రోజు లేసు మీద డ్యూయెట్ వచ్చింది. మూడో రోజు మాణిక్యమ్మ హీరో గారి బామ్మ అయి, వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను నోరు మూసుకుని పెసరట్టు తిన్నాను. సినిమాకి కథ ఇచ్చాక ఏడవకూడదు. ఏడవాలనుకుంటే ఇవ్వకూడదు. ఈ మాట ఇప్పటికీ నా అభిప్రాయమే.

ఒక్క విషయంలో మాత్రం ఆయన పట్టుబట్టారు. ముసుగు నిజమైన నరసాపురం లేసు కావాలన్నారు. అప్పుడు నాకు సువార్త గుర్తొచ్చింది. మా అమ్మతో కలిసి పనిచేసినావిడ కూతురు. పాతికేళ్ళుంటాయి. భర్త పోయాక అక్కగారింటికి వచ్చి రహమత్ నగర్‌లో ఉంటోంది. బావ సినిమా సెట్లలో వడ్రంగి. పువ్వులూ ఆకులూ ఊరి నుంచి అల్లించి తెప్పించాం. వాటిని అతికే పని సువార్త చేసింది.

స్టూడియోలో దుస్తుల గదికి పెద్ద నాంచారయ్య గారు. మద్రాసులో ఎందరో తారలకు బట్టలు కుట్టిన మనిషి. ఆయన గదిలో ఒక మూల చాప వేసుకుని, సువార్త వారాల తరబడి ముసుగు అతికింది. నేను అటు వెళ్ళినప్పుడల్లా కూర్చుని చూసేదాన్ని. ఆ అమ్మాయి పెదవుల మధ్య దారం పట్టుకుని, మా ఊరి కబుర్లు చెబుతూ, చేతి వంక చూడకుండా అతికేది. గదంతా ఇస్త్రీ వాసన. బయట ఎక్కడో రిహార్సల్ పాట. ఆ మూల కూర్చుంటే నాకు మా అరుగు మీద కూర్చున్నట్టే ఉండేది.

ముసుగు పూర్తయిన రోజు అందరూ వచ్చి చూశారు. హీరోయిన్ తల మీంచి నేల దాకా పాలనురుగులా దిగింది. భాస్కర్రావు గారు పొంగిపోయారు. నాంచారయ్య గారు దాన్ని మడతపెట్టి ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి ఎప్పటిలాగే గోడ మేకుకి తగిలించారు.

"కథలోలాగే చేసింది"

పాట చిత్రీకరణకి ముందురోజు పెట్టె తెరిచారు. లోపల ఉన్నది తెల్ల ముసుగు కాదు. మట్టిరంగు కలిసిన గోధుమ రంగు. హీరోయిన్ తల మీద వేస్తే మోకాళ్ళు దాటలేదు. పువ్వులు ముడుచుకుపోయి చిన్నచిన్నగా ఉన్నాయి.

నేనప్పుడు అక్కడ లేను. నాంచారయ్య గారు తరువాత చెప్పారు. భాస్కర్రావు గారు ఆ ముసుగును పైకెత్తి చూపించి, ఫ్లోరంతా వినేలా అరిచారట. "ఇది మనది కాదు! అచ్చం కథలోలాగే చేసింది. అసలుది అమ్ముకుని పనికిరానిది పెట్టింది!" సువార్త, "ఇది నేను అతికిందేనండీ, నా చెయ్యి నాకు తెలీదా అండీ" అంటూనే ఉందట. "దొంగ కూడా అదే అంటుంది" అన్నారట ఆయన. లైట్‌బాయ్స్, డాన్సర్లు, మేకప్‌వాళ్ళు అందరూ చూస్తుండగా ఆమె సంచీ కింద గుమ్మరించారు. సూదులు, దారపుండలు, అన్నం డబ్బా కింద పడ్డాయి. బావను కూడా ఆ రోజు నుంచి పనిలోకి రావద్దన్నారు.

నాంచారయ్య గారు మా పక్కింటికి ఫోన్ చేశారు. "అమ్మా, ఆ పిల్లను మీరు తెచ్చారు. నాకైతే ఆ పిల్ల అలాంటిదని అనిపించడం లేదు. ఒకసారి రండి" అన్నారు. నేను స్టూడియోకి వెళ్ళలేదు, ముందు రహమత్ నగర్ వెళ్ళాను. ఆ ఇరుకు సందులో అప్పటికే కబురు పాకిపోయింది. పంపు దగ్గర ఆడవాళ్ళు నన్ను చూసి మాటలు ఆపేశారు. సువార్త గది మూల గోడకి ఆనుకుని కూర్చుంది. ఏడుపు అయిపోయిన మొహం. వాళ్ళక్క నా మీద విరుచుకుపడింది.

"మీరు తీసుకెళ్ళబట్టే కదండీ ఇదంతా! మా ఆయన పనికూడా పోయింది. రేపు దీన్ని ఏ ఇంట్లో సూది పట్టుకోనిస్తారండీ?"

ఆ మాట నిజం. లేసు పనంతా నమ్మకం మీద నడుస్తుంది. దారం తూచి ఇస్తారు, ముక్కలు చేతికిస్తారు. దొంగ అన్న పేరు పడ్డ చేతికి ఎవరూ దారం ఇవ్వరు. ఇక్కడా ఇవ్వరు, నరసాపురంలోనూ ఇవ్వరు. ఆ అమ్మాయికి వేరే బతుకు లేదు. నేను సరదాగా అల్లిన కథ పట్టుకుని, ఆ మనిషి ఒక ఆడపిల్ల బతుకు మీద తీర్పు చెప్పాడు. అంత కోపం నాకు జీవితంలో ఎన్నడూ రాలేదు.

"లే. చెప్పులేసుకో. స్టూడియోకి వెళ్దాం" అన్నాను.

"నేను రానండీ. ఆ మొహాలు మళ్ళీ చూడలేను."

"నువ్వు చూడకపోతే వాళ్ళే నిన్ను చూస్తారు, జన్మంతా. లే."

లేచింది.

ముడి విప్పితే

దుస్తుల గదిలో ముసుగు బల్ల మీద ఉంది. చేతిలోకి తీసుకోగానే నాకు అర్థమైంది. పువ్వులు మా ఊరి చేతులవే. అతుకు సువార్తదే. కొలత తగ్గినా చెయ్యి మారలేదు. భాస్కర్రావు గారు నవ్వారు. "మీరు రచయిత్రులు. మీకు అలాగే కనిపిస్తుంది లెండి" అన్నారు.

నేను పుస్తకంలో మాణిక్యమ్మ చేత ఇలాంటి మాటలు ఎన్నిసార్లు చెప్పించానో! పుస్తకంలో ఆవిడ మాట అనగానే ఊరంతా నమ్మేస్తుంది. బయట ఎవరూ నమ్మరని ఆ రోజు తెలిసింది. కళ్ళకు కనిపించేది ఏదైనా ఉంటేనే నమ్ముతారు. ఆ గోధుమ రంగు ముసుగును కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి ఎంతసేపు చూశానో. దారం అంతటా ఒకే రంగుగా లేదు. రెండు పువ్వులు కలిసే ముడుల దగ్గర అంచులు కొంచెం పాలిపోయి ఉన్నాయి.

"సువార్తా, ఇలా రా. ఒక్క అతుకు విప్పు, అందరూ చూసేలా విప్పు" అన్నాను.

ఆ అమ్మాయి కత్తెర మొనతో ముడి తెంపి, దారం మెల్లగా లాగింది. ముడి లోపల చుట్టుకున్న దారం తెల్లగా, మల్లెపువ్వులా ఉంది. పైనంతా గోధుమ రంగు, లోపల తెలుపు. ఇంకొకటి విప్పమన్నాను. అదీ అంతే.

"ఇది రంగుదారంతో అల్లింది కాదు. తెల్లగా అతికాక ఎవరో రంగులో ముంచారు. బిగించిన ముడి లోపలికి రంగు వెళ్ళలేదు" అన్నాను.

నాంచారయ్య గారు నుదురు కొట్టుకున్నారు. "అయ్యో రామ! టీ నీళ్ళు!"

ఆ రోజుల్లో ఆ పని అందరూ చేసేవాళ్ళే. లైట్ల కింద మరీ తెల్లబట్ట ఉంటే తెర మీద మెరిసి, మొహం కనిపించదు. అందుకని తెల్ల చీరలనూ పంచెలనూ పల్చటి టీ డికాషన్‌లో ముంచి తీసేవారు. నాంచారయ్య గారు మద్రాసు నుంచి తెచ్చిన అలవాటే. ఆయన ఎప్పుడూ చల్లారిన నీళ్ళలో ముంచేవారు కనుక రంగు తప్ప కొలత మారేది కాదు. కొలత మారింది కనుక ఇది వేరే గుడ్డ అనే ఆయనా అనుకున్నారు. పైగా తను చెప్పకుండా ఆ గదిలో ఎవరూ ఏదీ ముంచరని నమ్మకం.

ముంచింది యాదగిరి. ఆ గదిలో ఉతికి ఇస్త్రీ చేసే మనిషి. చెల్లెలి పెళ్లని ఊరెళ్ళాడు. మరునాడు పొద్దున మేమంతా మళ్ళీ ఆ గదిలో ఉండగా లడ్డూల డబ్బా పట్టుకుని నవ్వుతూ వచ్చాడు. పాపం, అందరూ మీదపడేసరికి బిత్తరపోయాడు.

"నేనే ముంచిన సార్! కెమెరా అసిస్టెంట్ సార్ ఊటీ పోయేటప్పుడు చెప్పిండు. గంత తెల్లగుంటె లైటుకు మెరుస్తదట. జల్ది రంగు పట్టాలని చాయ్‌గిన్నెల ఉడకబెట్టిన. జర చిన్నగైనట్టు అనిపించింది గానీ, ఇస్త్రీ చేస్తె సాగుతదనుకున్న. ఏందన్నా, ఏమైంది?"

గదిలో ఎవరో పక్కున నవ్వారు. నాకు నవ్వు రాలేదు. సువార్తా నవ్వలేదు.

కథ అక్కడ అయిపోదు

అప్పటిదాకా నేను రాసిన ప్రతి నవలా దొంగ దొరకగానే ముగిసేది. అనుమానించిన పనిపిల్ల గురించి చివరి పేజీలో ఒక వాక్యం ఉండేది, "ఆమె కళ్ళు ఆనందంతో చెమ్మగిల్లాయి" అని. ఆ తరువాత రాసిన ఏ నవలనూ నేను అలా ముగించలేదు. అమ్మాయిలూ, మీరు అడిగినదానికి నా జవాబు ఇదే. ఇప్పుడు మిగతాది వినండి.

ముసుగును మళ్ళీ నేల దాకా పెంచాలి. మిగిలిపోయిన పువ్వులు డబ్బాలో ఉన్నాయి. వాటిని కూడా టీలో ముంచి, ఆరబెట్టి, చుట్టూ వరసలుగా అతకాలి. ఆ రోజు షాట్లకు కెమెరాకి కనిపించే పక్క అతికితే చాలు, మిగతాది తరువాత చేసుకోవచ్చు. అతికే చెయ్యి ఆ చుట్టుపక్కల ఒక్కటే ఉంది. బయట సెట్ సిద్ధంగా ఉంది, హీరోయిన్ మేకప్ అయిపోయింది.

భాస్కర్రావు గారు నాంచారయ్య గారి వంక చూసి, "సరే, ఏదో పొరపాటు జరిగింది. ఆ పిల్లను పని మొదలుపెట్టమనండి. వాళ్ళ బావను కూడా రమ్మనండి" అన్నారు. అని గుమ్మం వైపు తిరిగారు. ఆయన దృష్టిలో అది చాలా పెద్దమనసు. నిజం చెప్పొద్దూ, నేను కూడా హమ్మయ్య అనుకున్నాను.

సువార్త చాప మీద కూర్చుంది. ముసుగు ఒళ్ళోకి తీసుకుంది. కానీ సూది పట్టుకోలేదు.

"ఏమ్మా, టైమవుతోంది" అన్నారు నాంచారయ్య గారు.

"నిన్న నా సంచీ గుమ్మరించినప్పుడు ఎంతమంది ఉన్నారండీ?" అంది.

భాస్కర్రావు గారు గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగారు.

"లైట్లవాళ్ళున్నారు, డాన్సు పిల్లలున్నారు, మా బావతో పనిచేసే వడ్రంగోళ్ళు కూడా ఉన్నారండీ. వాళ్ళందర్నీ పిలవండి. అయ్యగారు నిన్నెంత గట్టిగా అన్నారో ఇప్పుడూ అంతే గట్టిగా చెప్పాలండీ. ఈ గదిలో చెబితే మా సందు దాకా వినపడదండీ."

భాస్కర్రావు గారి మొహం ఎర్రబడింది. "షూటింగ్ ఆపుకుని నీకు మీటింగ్ పెట్టాలా?"

"నిన్న ఆపారు కదండీ" అంది సువార్త. ఆ గొంతులో కోపం లేదు.

నేను ఆయన మొహంలోకే చూస్తూ నిలబడ్డాను. నాంచారయ్య గారు అరవై దాటిన మనిషి. మెడలోని టేపు తీసి బల్ల మీద పెట్టి, "నేను పిలుస్తాను బాబూ" అంటూ బయటికి నడిచారు. ఒక్కొక్కరే వచ్చారు. గేటు బయట కాచుకుని ఉన్న సువార్త బావ కూడా వచ్చారు. గది చాలక వరండాలో, వరండా చాలక మెట్ల మీద నిలబడ్డారు. నగలతో, పూలతో హీరోయిన్ కూడా వచ్చి గుమ్మం పక్కన నిలబడింది.

భాస్కర్రావు గారు గొంతు సవరించుకున్నారు. నేల చూస్తూ, "ఈ అమ్మాయి ఏమీ తియ్యలేదు. నేను పొరపాటుపడ్డాను" అన్నారు.

నేను కళ్ళు తుడుచుకుంటున్నాను.

సువార్త తల ఎత్తి, మెట్ల మీద నిలబడ్డ బావ వైపూ, ఆయన పక్కనున్న వడ్రంగుల వైపూ చూసింది.

"వెనకున్నోళ్ళకి వినపడలేదండీ" అంది.

ఆయన ఈసారి తలెత్తి చెప్పారు. మెట్ల దాకా, బయట ఆగి ఉన్న వ్యాన్ దాకా వినపడేలా చెప్పారు. అప్పుడు సువార్త సూదిలోకి దారం ఎక్కించింది.